గోడ వైపు తిరిగిన కుర్చీ

ఆ వేసవిలో నా ఉద్యోగం కుర్చీల్ని గమనించడం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వేవాళ్లు. మా అమ్మయితే, "కుర్చీలు ఎక్కడికి పోతాయే, వాటికేమైనా కాళ్లున్నాయా?" అని అడిగి, అన్నాక తన మాట తనకే వినపడి నవ్వేసింది.

చెరువు చుట్టూ జనం నడవడానికి ఒక దారి వేయాలని మా ప్లానింగ్ ఆఫీసు ఎప్పటినుంచో అనుకుంటోంది. దారి దాదాపు అంతా పూర్తయింది. తెగిందల్లా ఒక్కచోటే, మేముండే వరస దగ్గర. మా వరసలో ఇళ్ల పెరటి గోడలు చెరువులోకి చొచ్చుకుపోయి ఉంటాయి. వానలు పడితే నీళ్లు వచ్చి గోడలకు తగులుతాయి. ఎండాకాలంలో మాత్రం నీళ్లు వెనక్కి తగ్గి, గోడలకూ నీళ్లకూ మధ్య సన్నటి మట్టి ఒడ్డు బయటపడుతుంది. ఆ ఒడ్డు మీద ఒక్క వేసవి పాటు అందరినీ నడవనిచ్చి, తేలికపాటి పసుపు కుర్చీలు కొన్ని వేసి, ఎవరేం చేస్తారో చూద్దామన్నది మా ఆర్కిటెక్టు మేడమ్ ఆలోచన. కుర్చీల్ని నేలకు బిగించలేదు. ఎవరికి నచ్చినచోటికి వాళ్లు లాక్కోవచ్చు.

"బెంచీ వేస్తే మనం కూర్చోమన్నచోట కూర్చుంటారు. కుర్చీ ఇస్తే ఎక్కడ కూర్చోవాలనుందో వాళ్లే మనకు చెప్తారు," అనేవారావిడ.

వానలు మొదలయ్యేలోపు మా వరసవాళ్లు గోడలు వెనక్కి జరుపుకోవడానికి ఒప్పుకుంటే దారి కలుస్తుంది. ఒప్పుకోకపోతే కోర్టుకెక్కాలి. అప్పుడు ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వరసలో సరిగ్గా మధ్యనున్న ఇల్లు మాది. అందుకే నాన్న రోజూ నేను బయల్దేరేటప్పుడు, "మన కంచంలో తిని మన గోడకే ఎసరు పెట్టడానికి వెళ్తోంది చూడు," అని అమ్మతో అనేవాడు. మాటలో నవ్వుండేది. పూర్తిగా నవ్వే కాదని నాకు తెలుసు.

నాన్న టైలరు. చూపు పోయేదాకా మిషను మీద నుంచి లేవలేదు. గోడ సంగతి ఎత్తితే తన భాషలోనే చెప్పేవాడు. "మొదట్లో గోడ ఇక్కడ లేదమ్మా. మూలింటాయన ముందుకు జరిపాడు, తరవాత అందరం జరిపాం. చెరువు అంచుని మనవైపుకు మడిచి కుట్టేసుకున్నాం. ఇప్పుడు ఆ కుట్లు విప్పమంటే ఎలా?"

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఉద్యోగం అయిపోయినా గొంతు అయిపోలేదు. పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, నైటీ మీదే వెనక వసారాలో కూర్చుని నాన్నకు చదివి వినిపించేది. ముందు పేపరు, తరవాత లైబ్రరీ నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవల. నవల్లో లాయరు ఒక గొంతుతో, అతని భార్య ఒక గొంతుతో, వంటవాడు ముక్కుతో మాట్లాడేవాళ్లు. మధ్యలో ఆపి పక్కింటి కబుర్లు చెప్పేది, నాన్న మందులు వేసుకోనందుకు చీవాట్లు పెట్టేది, మళ్లీ ఆగినచోటు వెతుక్కుని చదివేది. నేను లోపల తయారవుతూ సగం సగం వినేదాన్ని.

కుర్చీల సంగతి నేననుకున్నదానికంటే తమాషాగా ఉండేది. సాయంత్రం మేం వరసగా సర్ది వెళ్తే, మర్నాటికి అవి ఊరేగి ఉండేవి. రెండు కుర్చీలు దగ్గరగా జరిగి ఉంటే ఎవరో కబుర్లు చెప్పుకున్నారని తెలిసేది. నీళ్లలో రెండు కాళ్లు పెట్టి ఒకటుండేది. నీడ ఎటు పోతే అటు కొన్ని పోయేవి. అన్నీ చెరువు వైపే తిరిగి ఉండేవి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ మా ఇంటి గోడ వైపు తిరిగి ఉండేది. గోడకి దాదాపు మోకాళ్లు తగిలేంత దగ్గరగా. దాన్ని తిప్పి పెడితే మర్నాడు మళ్లీ అలాగే కనిపించేది.

మేడమ్‌కి చెబితే ఆవిడ కళ్లు మెరిశాయి. స్వయంగా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఇటుకల్ని చాలాసేపు చూశారు. "ఎండ మొహాన కొట్టకుండా అనుకుందామంటే మిగతా కుర్చీలకూ అదే ఎండ. గోడ మీద ఏమైనా రాసి ఉందా? లేదు. గాలి? ఉహూఁ. ఇంత చెరువు పెట్టుకుని గోడని ఎందుకు చూస్తారు?" అని, "మనకు పనికొచ్చే కుర్చీ ఇదొక్కటే. ఎవరో కనుక్కో," అన్నారు.

ఇంట్లో అడిగాను. దొంగ కొలతలు తీసుకుంటున్నాడన్నాడు నాన్న. అలిగినవాళ్లెవరో అయ్యుంటారంది అమ్మ. "అలిగితే చెరువుకేసి చూడబుద్ధేయదు. గోడే నయం."

మర్నాడు పెందలాడే లేచి, అమ్మకి ఆఫీసు పనుందని చెప్పి, చుట్టూ తిరిగి ఒడ్డు మీదికి వెళ్లాను. ఆ కుర్చీలో నీలం యూనిఫాంలో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది, టోపీ ఒళ్లో ఉంది, కళ్లు మూసుకుని ఉంది. రాత్రి డ్యూటీ చేసి వెళ్తున్న సెక్యూరిటీ గార్డు, కాసేపు కునుకు తీస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్లాక అమ్మ గొంతు వినిపించింది. గోడ మీదుగా, స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా పోకుండా. లాయరు గదిలో దీపం ఎవరార్పారని ఇన్‌స్పెక్టరు అడుగుతున్నాడు.

"వంటవాడే. నేను మొదట్నుంచీ చెప్తున్నాగా," అన్నాడు లోపల నాన్న.

ఆవిడ కళ్లు తెరవకుండానే, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నన్ను చూసి గబగబా బూట్లు అందుకుంది. కూర్చోమన్నాను. మా ఇల్లేనని చెప్పలేదు, చెబితే మళ్లీ రాదేమోనని భయం వేసింది. ఎందుకింత దగ్గరగా కూర్చుంటారని మాత్రం అడిగాను. "రాత్రంతా ఖాళీ బిల్డింగులో ఒక్కదాన్నే ఉంటానమ్మా. ఇంటికెళ్తే అందరూ పనులకి వెళ్లే తొందరలో ఉంటారు. ఈవిడ చదువుతుంటే నాకే చెప్తున్నట్టుంటుంది. మొదట కాళ్లు నొప్పి పుట్టి కూర్చున్నాను, తరవాత కథ పట్టేసుకుంది," అంది.

ఇంటికి పరిగెత్తాను, ఈ ముచ్చట అమ్మకి చెబుదామని. వెళ్లేసరికి అమ్మ సంచీ సర్దుతోంది. పెద్దమ్మ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట, ఫోనొచ్చింది. మాట్లాడే తీరిక లేదు. "మీ నాన్న మందులు జాగ్రత్త," అని ఒక్కమాట చెప్పి బస్సెక్కింది. వారంలో వస్తానన్నది వేసవంతా ఉండిపోయింది.

అమ్మ స్థానంలో నేను చదవబోయాను. నాన్న రెండు పేజీలు ఓపిక పట్టి, "వద్దులేమ్మా. నువ్వు చదివితే చచ్చినవాడూ చంపినవాడూ ఒకేలా మాట్లాడుతున్నారు," అన్నాడు. నవల మూతపడింది. నాన్న వసారాలో ఊరికే కూర్చునేవాడు. రేడియో పెడితే కట్టేసేవాడు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. గోడ అవతలనుంచి గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ తరవాత ఆడగొంతు వినిపించాయి.

"బాబాయ్‌గారూ, అమ్మగారికి ఒంట్లో బాగుందా?"

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఎవరమ్మా అది?"

"ఇటు పోయేదాన్నండీ. ఆవిడ చదవడం వినబడటం లేదు. ఏమైందోనని."

"చదవడం నీకెలా..." అని నాన్న ఆగిపోయాడు. ఇప్పుడు లేచి కేకలేస్తాడనుకుని నేను గరిట పక్కన పెట్టాను. నాన్న కుర్చీ కాస్త గోడ వైపు జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నువ్వు చెప్పు. వంటవాడేనా?"

"కాదండీ. గుమాస్తా. దీపం సంగతి అడిగినప్పుడు చేతులు తుడుచుకున్నాడు కదా, అక్కడ నాకు అనుమానం వచ్చింది."

"అవునా? నేను గమనించలేదే," అన్నాడు నాన్న, మర్యాదగా, ఓ పెద్దమనిషి ఇంకో పెద్దమనిషితో అన్నట్టు.

ఆ రోజునుంచి వాళ్లిద్దరికీ గోడ మీదుగా పొద్దుటి కబుర్లు మొదలయ్యాయి. ఆవిడ చూసిందల్లా చెప్పేది. నీళ్లు ఇవాళ ఏ రంగులో ఉన్నాయి, కొంగ ఏ రాయి మీద నిలబడింది, చక్రాల కుర్చీలో తల్లిని తోసుకొచ్చే ఆయన మా వరస దగ్గర మట్టిలో చక్రాలు దిగబడి వెనక్కి తిరిగి ఎలా వెళ్లిపోయాడు. సాయంత్రాలు నాన్న నన్ను ప్రశ్నలతో తినేసేవాడు. గోడకీ నీళ్లకీ మధ్య ఎంత దూరం? అంత ఇరుకులో ఎదురెదురుగా వచ్చినవాళ్లు ఎలా తప్పుకుంటారు? మన జామచెట్టు నీడ అవతలికి పడుతుందా? ఏళ్లుగా అదే పెరట్లో కూర్చున్న మనిషికి ఇన్ని తెలియని సంగతులున్నాయా అని నాకే ఆశ్చర్యం వేసేది.

ఒక ఆదివారం, "నన్నొకసారి అటు తీసుకెళ్లు," అన్నాడు.

పెరట్లోనుంచి దారి లేదు కనక, వీధంతా తిరిగి వెళ్లాం. నాన్న చెప్పులు విప్పి, తడిమట్టిలో నిలబడి, చెరువు వాసన పీల్చాడు. తరవాత మా గోడని వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులతో తడిమాడు. బయటివైపు గోడకి పూత లేదు. ఇటుకలు, వాటి మధ్యనుంచి కారి గడ్డకట్టిన సిమెంటు. లోపలివైపు ఏటేటా సున్నం వేయించేవాళ్లం. అవతల ఎవరు చూస్తారని వదిలేశాం.

"ఏంటమ్మా ఇది," అన్నాడు నాన్న, వేళ్లకంటిన పొడి రాలుస్తూ. "చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది."

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని పడుకున్నాడు.

వరసవాళ్ల సమావేశం మూలింటాయన ముందుగదిలో జరిగింది. ఆయనదే మొదటి గోడ కనక పెద్దరికమూ ఆయనదే. జనం వస్తే దొంగలొస్తారు, చెత్త పడుతుంది, ఆడవాళ్లు పెరట్లో తిరగలేరు అని ఆయన చెబుతుంటే అందరూ తలలూపారు. మేడమ్ ఏదో చెప్పబోయారు. అంతలో నాన్న, "మా ఇంటి వరకు నేను జరుపుకుంటాను," అన్నాడు. మంచినీళ్లు కావాలన్నంత మామూలుగా అన్నాడు.

"ఏమయ్యా టైలరూ, నీకేం కనిపిస్తుందని ఒప్పుకుంటున్నావు?" అన్నాడు మూలింటాయన. అన్నాక తప్పు మాట్లాడానని తెలిసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"కనిపించకే ఇన్నాళ్లు ఉంచాను," అన్నాడు నాన్న.

మా అటూ ఇటూ ఇళ్లవాళ్లు వారం తిరక్కుండా ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. చివరికి మూలింటాయన, "అందరూ వెనక్కి పోతే నా గోడొక్కటే ఎత్తుపన్నులా కనిపిస్తుంది," అని విసుక్కుంటూ సంతకం పెట్టాడు. నాన్నతో మాత్రం చాలాకాలం మాట్లాడలేదు.

మొదట కూల్చింది మా గోడే. మబ్బులు పట్టకముందే పని కానివ్వాలని తొందర. గోడ పడ్డ మర్నాడు మధ్యాహ్నం అమ్మ దిగింది.

సంచీ చేత్తో పట్టుకునే వెనక వసారాలోకి వచ్చింది. పెరడు ఉన్నట్టుండి చెరువుదాకా పరుచుకుని ఉంది. తీగ మీద ఆరేసిన బట్టల పక్కనుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు ఐస్‌క్రీం తింటూ నడిచి వెళ్తున్నారు. వాళ్లలో ఒకడు అమ్మకి నమస్కారం కూడా పెట్టాడు.

అమ్మ సంచీ కింద పెట్టింది. "నన్నడిగారా?" అంది నాన్నతో.

"ఫోన్లో చెబుదామనే అనుకున్నా. అక్కడ నువ్వు కంగారులో..."

"పాతికేళ్లు ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ కలిపాను. నాకొక్క ఫోను చేయడం మీకు చేతకాలేదు."

నేను పరిస్థితి తేలిక చేద్దామని సెక్యూరిటీ ఆవిడ కథ మొదలుపెట్టాను. అమ్మ మొహం ఇంకా మారిపోయింది. "ఎన్నాళ్లనుంచి వింటోంది?" అని అడిగింది. వేసవి మొదట్నుంచి అన్నాను. అమ్మ చేత్తో నోరు మూసుకుంది. అప్పుడు నాకు తట్టింది. అమ్మ చదివింది నవలొక్కటే కాదు. పేజీకీ పేజీకీ మధ్య నాన్నతో చెప్పుకున్నవన్నీ ఆ గోడ దాటే ఉంటాయి. ఎవరితోనూ అననివి, నేను లోపల హడావుడిలో వినీ విననివి.

మర్నాడు అమ్మ వసారాలోకి రాలేదు. ఆ మర్నాడూ అంతే. జుట్టు వంటింటి కిటికీ దగ్గర ఆరబెట్టుకుంది. నాన్న బయట ఒక్కడే కూర్చుని, అటు చెరువువైపూ ఇటు గుమ్మంవైపూ చెవి తిప్పుతూ ఉండేవాడు. తనకి నచ్చిందే చేశాడు, సంతోషంగా లేడు.

నేను మేడమ్‌కి చెప్పాను. ఆవిడ వచ్చి, అమ్మ ఎక్కడ కూర్చుంటుందో అడిగి, అక్కడే ఆ కుర్చీలో కూర్చున్నారు. దారినపోయే ఒకాయన ఆవిణ్ని చూసుకుంటూ వెళ్లాడు. ఇంకొకామె చెయ్యూపింది. "అవును, ఇక్కడ కూర్చోలేం," అన్నారావిడ కాసేపటికి. "ప్రహరీలన్నీ నడుమెత్తున గీశాను. బయటనుంచి చూస్తే అందంగా ఉంటుందని. మీకెంత కావాలి చెప్పండి."

"అంకెల్లో నాకేం తెలుస్తుంది?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"అంకెలొద్దు. దుప్పటి ఉందా?"

ఆ సాయంత్రం మా పెరట్లో జరిగిన పనిని మళ్లీ ఏ ఆఫీసులోనూ చూడలేదు. కొత్త గోడ రావాల్సిన గీత మీద నేనొకవైపు, మేడమ్ ఒకవైపు పెద్ద దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాం. అమ్మ వసారాలో తన కుర్చీలో కూర్చుంది. అవతల దారి మీద నిలబడి ఏం కనిపిస్తుందో చెప్పడానికి ఎవరైనా కావాలి. నాన్న పనికిరాడు. డ్యూటీకి బయల్దేరిన సెక్యూరిటీ ఆవిడ అటుగా వచ్చి, సంగతి తెలుసుకుని, "నేను నిలబడతానండీ," అంది. అమ్మ కాదనలేదు, రమ్మనీ అనలేదు.

దుప్పటి నడుం దాకా ఎత్తాం.

"అంతా కనిపిస్తోందమ్మా," అంది ఆవిడ అవతల్నుంచి. "మీ చేతిలో కప్పు కూడా."

ఇంకాస్త ఎత్తాం.

"ఇప్పుడు?" అంది అమ్మ.

"భుజాలనుంచి పైకి కనిపిస్తున్నారు. జడ వేసుకున్నారు."

చేతులు లాగుతున్నాయి. ఇంకా ఎత్తాం.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఏమీ లేదండీ. గొంతొక్కటే."

నాన్న తల వంచుకుని వింటున్నాడు. గాలికి దుప్పటి ఒకసారి ఉబ్బి మళ్లీ సర్దుకుంది.

"నేను చెప్పుకున్నవన్నీ విన్నావా?" అని అడిగింది అమ్మ, దుప్పటితో.

"విన్నానండీ. మాది కూడా అలాంటి ఇల్లే," అంది ఆవిడ.

కాసేపయ్యాక అమ్మ, "అక్కడ ఆపండి. అంతే చాలు," అంది. మాకు దుప్పటి ఎత్తు గురించి చెబుతోందని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తరవాత లేచి దగ్గరికొచ్చి, గోడలో ఒక తలుపు కూడా ఉండాలని, గడియ మాత్రం లోపలివైపే పెట్టాలని మేడమ్‌కి చెప్పింది.

గోడ లేచింది. రెండువైపులా పూత పూశారు, నాన్న పట్టుబట్టి మరీ పూయించాడు. జామచెట్టు గోడ బయట, దారిలో పడింది. దాని కాయలు పచ్చివిగా ఉండగానే మాయమయ్యేవి. ఆ సంగతి మాత్రం నాన్న చాన్నాళ్లు జీర్ణించుకోలేకపోయాడు. నవల మళ్లీ తెరుచుకుంది. అమ్మ ఇదివరకటికంటే ఒక పిసరు గట్టిగా చదివేది. స్వంత విషయాలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, కొన్నిసార్లు తగ్గించడం మరిచిపోయేది. హంతకుడు వంటవాడూ కాదు, గుమాస్తా కూడా కాదు, లాయరు భార్య. గోడకి ఇటూ అటూ ఇద్దరూ ఒకేసారి "ఛ" అన్నారు.

వానలు పట్టుకున్నాయి. నీళ్లు పెరిగినా, ఆ ఏడు మొదటిసారిగా మా వరస దగ్గర దారి మునగలేదు. ఒక సాయంత్రం వాన తెరిపిచ్చినప్పుడు అమ్మ గడియ తీసి, "ఇప్పుడే వస్తా," అని కుడివైపుకి వెళ్లింది. చీకటి పడబోతోంది. రాలేదు. సన్నగా తుంపర మొదలైంది. నాన్న పదిసార్లు నన్ను తలుపు దగ్గరికి పంపించాడు. నేను గొడుగు పట్టుకుని కుడివైపే చూస్తూ నిలబడ్డాను. అమ్మ ఎడమవైపునుంచి వచ్చింది.

చెప్పులనిండా బురద, తల తడిసిపోయింది. రొప్పుతోంది. "చుట్టూ తిరిగొచ్చాను. మొత్తం. ఎక్కడా ఆగాల్సిన పని లేదే," అంది. పెళ్లయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచి చెరువు పక్కనే ఉన్న మనిషి, అవతలి ఒడ్డు మీద కాలు పెట్టడం అదే మొదలు.

"ఏముంది అక్కడ?" అన్నాడు నాన్న.

"అవతల కట్ట బాగా ఎత్తు. మన వరసంతా కనిపిస్తుంది. మన ఇల్లు వెతుక్కోడానికే ఎంతసేపు పట్టిందో. ఇంత చిన్నదా అనుకున్నాను. వసారాలో లైటు వెలుగుతోంది. ఎవరో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎవరబ్బా ఇంత నిటారుగా కూర్చున్నాడు అనుకున్నాను. మీరే."

నాన్న సర్దుకుని కూర్చున్నాడు. "ఏం చేస్తున్నాను?" అని అడిగాడు, ఇంకెవరి గురించో తెలుసుకోవాలన్నంత ఆసక్తిగా.

అమ్మ తువ్వాలు అందుకుని, జుట్టు తుడుచుకుంటూ ఆలోచించింది.

"నీళ్లకేసి తల పెట్టి ఏదో వింటున్నారు. ఏం వింటున్నారో అర్థం కాలేదు. వాన మొదలైనా కదలబుద్ధి కాక, అక్కడే నిలబడి చూశాను," అంది.